కడుపు క్యాన్సర్ తొలి దశలో దొరికితే: గొట్టంతో తీయించుకోవాలా, ఆపరేషనా?

గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగిన మనిషికి ఎవరో పట్టుబట్టి ఎండోస్కోపీ చేయిస్తారు. ముక్క పరీక్షలో (బయాప్సీలో) క్యాన్సర్ అని తేలుతుంది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదు. "తొలి దశలోనే దొరికిందండి" అని డాక్టరు గారు ఆ వెంటనే చెప్పిన రెండో మాట ఎవరి చెవికీ ఎక్కదు. నిజానికి ఎక్కాల్సింది ఆ మాటే. మన దేశంలో జీర్ణాశయం క్యాన్సర్ చాలామందిలో ముదిరాకే బయటపడుతుంది. జపాన్, కొరియాల్లోలాగా వయసు రాగానే అందరికీ పరీక్ష చేసే పద్ధతి మనకు లేదు. అందుకే తొలి దశలో దొరికేవాళ్లు తక్కువ. అలా దొరికి సరైన వైద్యం అందినవాళ్లలో మాత్రం అయిదేళ్లు దాటి బతికేవాళ్లు నూటికి 90 మందికి పైనే.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు చర్చ. ఒక డాక్టరు నోట్లోంచి ఎండోస్కోపీ గొట్టం వేసి క్యాన్సర్ ఉన్న మచ్చ ఒక్కటీ తీసేయొచ్చంటారు. ఇంకో డాక్టరు జీర్ణాశయంలో సగానికి పైగా తీసేయాలంటారు. ఇంట్లోవాళ్లు రెండు జట్లయిపోతారు. కోతంటే భయపడేవాళ్లు గొట్టం వైపు, "మూలంతో సహా పోవాలి" అనే పెద్దవాళ్లు ఆపరేషన్ వైపు. నా అభిప్రాయం ముందే చెబుతాను. అర్హత ఉంటే గొట్టంతోనే తీయించుకోవాలి. కానీ తీసిన ముక్క రిపోర్టు ఏం చెబితే దానికి కట్టుబడాలి, ఆపైన ఏటా ఎండోస్కోపీకి వెళ్లాలి. ఈ రెండింటికీ ఇంట్లోవాళ్లు సిద్ధంగా లేకపోతే గొట్టం వైద్యం సగం వైద్యంగానే మిగిలిపోతుంది.

లోతు ఎంత?

జీర్ణాశయం గోడ పొరలు పొరలుగా ఉంటుంది. అన్నం తగిలే లోపలి పొర మొదటిది. దాని కింద మెత్తటి రెండో పొర, ఆ కింద కండరం, బయట పల్చటి పైపొర. క్యాన్సర్ మొదటి రెండు పొరల్లోనే ఉంటే దాన్ని తొలి దశ అంటారు. ఇది 1962లో జపాన్ ఎండోస్కోపీ వైద్యులు చేసిన నిర్వచనం. రిపోర్టులో టీ1ఏ అని ఉంటే మొదటి పొరలోనే ఉందని, టీ1బీ అని ఉంటే రెండో పొరలోకి దిగిందని అర్థం.

ఒక్క పొర తేడాకు ఇంత పట్టింపు ఎందుకంటే, రెండో పొరలో లింఫు నాళాలు, అంటే ఒంట్లో నీరులాంటి ద్రవాన్ని మోసే సన్నటి కాలువలు, దట్టంగా ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర కాలువలో పడినది ఎక్కడో చివరి ఊరి బోదెలో తేలినట్టు, ఆ నాళాల్లో పడిన క్యాన్సర్ కణం జీర్ణాశయం చుట్టూ ఉన్న లింఫు గ్రంథుల్లో తేలుతుంది. మొదటి పొరలోనే ఆగిన క్యాన్సర్‌లో గ్రంథులకు పాకే అవకాశం నూటికి మూడు లోపే. రెండో పొరలోకి దిగితే అది నూటికి 20 దాకా పెరుగుతుంది.

గొట్టంతో చేసే వైద్యం మచ్చను తీస్తుంది, గ్రంథులను ముట్టుకోదు. ఆపరేషన్ జీర్ణాశయంలో భాగంతో పాటు చుట్టూ ఉన్న గ్రంథులను కూడా తీసేస్తుంది. రెండింటి మధ్య ఎంపిక అంతా ఇక్కడే తేలుతుంది. గ్రంథులకు పాకి ఉండే అవకాశం లేనట్టే ఉంటే గొట్టం, ఉంటే ఆపరేషన్. ఖర్చు, భయం, సెలవులు, ఇంటి పనులు అన్నీ దీని తర్వాతే.

గ్రంథులకు పాకిందో లేదో బయటినుంచి పూర్తిగా తెలియదు. సీటీ స్కాన్‌లో ఉబ్బిన గ్రంథులు కనిపిస్తాయి కానీ, నాలుగు కణాలు చేరిన గ్రంథి మామూలుగానే ఉంటుంది. అందుకని డాక్టర్లు మచ్చ స్వభావాన్ని బట్టి అంచనా వేస్తారు. ఈ అంచనాకు పునాది 2000లో జపాన్‌లో వెలువడింది. తొలి దశలో ఆపరేషన్ చేయించుకున్న 5,265 మంది ముక్కలను, గ్రంథులను అక్కడి వైద్యులు తిరగేసి చూశారు. మంచి రూపం ఉన్న కణాలతో (అంటే చాలావరకు మామూలు కణాల్లాగే కనిపించేవి), మొదటి పొర దాటకుండా, 3 సెంటీమీటర్ల లోపు ఉన్న 1,230 కేసుల్లో ఒక్కదాంట్లో కూడా గ్రంథులకు పాకలేదు. అదే రకంలో పుండు లేనివి 929 చూస్తే, మచ్చ ఎంత పెద్దదైనా ఒక్కటీ పాకలేదు. అంతమందికి జీర్ణాశయం కోసి తీశాక, గ్రంథుల జోలికి వెళ్లాల్సిన అవసరమే లేదని తేలింది. ఈ రోజు మనకు గొట్టం వైద్యం దొరుకుతోందంటే వాళ్ల పుణ్యమే.

ఇప్పుడు చాలా చోట్ల వాడే లెక్క ఇది. కణాల రూపం బాగుండి, మొదటి పొరలోనే ఉండి, పుండు లేకపోతే సైజు ఎంతైనా గొట్టంతో తీయొచ్చు. అదే రకంలో పుండు గానీ పుండు మానిన మచ్చ గానీ ఉంటే 3 సెంటీమీటర్ల వరకు. కణాల రూపం చెడిన రకం, అంటే రిపోర్టులో 'పూర్లీ డిఫరెన్షియేటెడ్' అనో 'సిగ్నెట్ రింగ్' అనో రాసి ఉంటే, మొదటి పొరలోనే ఉండి పుండు లేనప్పుడు 2 సెంటీమీటర్ల వరకే. ఇవి దాటితే ఆపరేషన్ వైపు వెళ్లాలి. ఎండోస్కోపీ, బయాప్సీ రిపోర్టులు చేతికి రాగానే ఈ నాలుగింటి కోసం చూడండి: లోతు, సైజు, కణాల రకం, పుండు. ఏదైనా రాసి లేకపోతే అడగండి. అడగడం అమర్యాద కాదండి.

గొట్టం వేసే ముందు

పరీక్ష ఎంత జాగ్రత్తగా జరిగితే ఎంపిక అంత సరిగ్గా ఉంటుంది. మామూలు ఎండోస్కోపీలో మచ్చ కనిపిస్తుంది గానీ దాని అంచు ఎక్కడుందో, ఎంత లోతుందో తేలదు. నీలం రంగు చల్లి చూడటం, పెద్దది చేసి చూపే ఎండోస్కోపు, గొట్టం చివర స్కానింగ్ ఉండే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, ఇవి చేయాలి. పక్కన సీటీ ఎలాగూ ఉంటుంది. ఇన్ని చేసినా లోతు అంచనా కొన్నిసార్లు తప్పుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

గ్యాస్ మాత్రల గురించి ఒక మాట. మన ఊళ్లలో కడుపులో మంట అనగానే మందుల షాపులోనో ఆర్ఎంపీ దగ్గరో మాత్రలు ఇచ్చేస్తారు. ఆమ్లం తగ్గించే ఆ మాత్రలు క్యాన్సర్ పుండును కూడా పైపైన మాన్పగలవు. నొప్పి తగ్గిపోతుంది, మనిషి ధైర్యంగా ఉంటాడు, లోపల జబ్బు ఉండిపోతుంది. అందుకే జీర్ణాశయంలో పుండు అని ఒకసారి వచ్చినవాళ్లు, మందులు వాడాక మళ్లీ గొట్టం వేయించుకుని అది పూర్తిగా మానిందో లేదో చూపించుకోవాలి. నలభై దాటినవాళ్లకు కొత్తగా అజీర్తి మొదలైనా, ఆకలి చచ్చిపోయినా, కారణం లేకుండా బరువు, రక్తం తగ్గినా మాత్రలతో నెలలు గడపొద్దు.

గొట్టంతో తీయడం అంటే ఏం చేస్తారు?

దీనికి రెండు పద్ధతులున్నాయి. పాతది ఈఎంఆర్ (ఎండోస్కోపిక్ మ్యూకోసల్ రిసెక్షన్). మచ్చను పైకి లేపి ఉచ్చు లాంటి తీగతో పట్టి కోసేస్తారు. చిన్న మచ్చలకే పనికొస్తుంది. సెంటీమీటరున్నర దాటితే ముక్కలుగా వస్తుంది. ముక్కలుగా వస్తే అంచు ఎక్కడ ముగిసిందో పరీక్షలో చెప్పలేరు.

ఇప్పుడు ఎక్కువగా అడగాల్సింది ఈఎస్‌డీ (ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్). జపాన్‌లో 1990ల చివర్లో రూపుదిద్దుకుంది, 2006లో అక్కడి ఆరోగ్య బీమాలో చేరింది. ముందు మచ్చ చుట్టూ చుక్కలతో గీత గీస్తారు. రెండో పొరలోకి ద్రవం ఎక్కించి మచ్చను పైకి ఉబ్బిస్తారు. చుక్కల అవతల చుట్టూ కోసి, సన్నటి కరెంటు కత్తితో రెండో పొరను కోసుకుంటూ మచ్చను ఒకే ముక్కగా చెక్కుతారు. మత్తులోనే జరుగుతుంది. మచ్చను బట్టి గంట నుంచి మూడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పొట్టమీద గాటు ఉండదు. కొద్ది రోజుల్లో ఇంటికొచ్చి మెత్తటి అన్నం తినొచ్చు. తీసిన చోట ఏర్పడే పుండు మందులతో రెండు నెలల్లో మానుతుంది. జీర్ణాశయం ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఈ చివరి మాట విలువ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను అడిగితే తెలుస్తుంది.

ప్రమాదాలు లేవా అంటే ఉన్నాయి. నూటికి అయిదుగురి దాకా తర్వాత రక్తం కారొచ్చు. ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, రెండు వారాల తర్వాత కూడా రావచ్చు. తారులా నల్లటి విరేచనమైనా, రక్తపు వాంతి అయినా, కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తాలి. కోనసీమ లంకల్లో ఉండేవాళ్లు, రేవు దాటితే గానీ రోడ్డెక్కలేనివాళ్లు, ఆ రెండు వారాలూ రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో చుట్టాలింట్లో ఉండటం మంచిదని నా సలహా. అరుదుగా గోడకు చిల్లు పడుతుంది. చాలావరకు అప్పటికప్పుడే క్లిప్పులు వేసి మూసేస్తారు. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లకు రక్తస్రావం భయం ఎక్కువ. ఆ మాత్రలు ఎప్పుడు ఆపాలో, ఆపాలో వద్దో గుండె డాక్టరు, గొట్టం డాక్టరు కలిసి చెప్పాలి. సొంతంగా ఆపి గుండె మీదకు తెచ్చుకోవద్దు.

ముక్క రిపోర్టు

గొట్టంతో తీయించుకున్న రోజుతో పని అయిపోయిందనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తీసిన ముక్కను సన్నటి పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే అసలు లోతు తెలుస్తుంది. ఇందాక లోతు అంచనా తప్పొచ్చన్నానే, అది బయటపడేది ఇక్కడ. ఒక విధంగా ఈఎస్‌డీ వైద్యమూ, చిట్టచివరి పరీక్షా రెండూనూ.

ఒకే ముక్కగా వచ్చింది, అంచుల్లో క్యాన్సర్ లేదు, నాళాల్లోకి దూరలేదు, లోతు మొదటి పొరలోనే ఉంది, సైజు పైన చెప్పిన లెక్క దాటలేదు అంటే నయమైనట్టే. రెండో పొరలోకి అర మిల్లీమీటరు లోపు దిగి, కణాల రకం మంచిదై, సైజు 3 సెంటీమీటర్ల లోపు ఉండి, నాళాలు శుభ్రంగా ఉంటే కూడా దాదాపు నయమైనట్టే చూస్తారు. అర మిల్లీమీటరు దాటినా, లింఫు నాళాల్లో కానీ రక్తనాళాల్లో కానీ కణాలు కనిపించినా, లోతు అంచులో, అంటే ముక్క అడుగున కోసిన అంచులో, క్యాన్సర్ ఉన్నా ఆపరేషన్ చేయించుకోమంటారు.

అక్కడే చాలా ఇళ్లలో మాట మారిపోతుంది. "ఒకసారి తీసేశారుగా, మళ్లీ కోత ఎందుకు?" అంటారు. మనిషి లేచి తిరుగుతుంటాడు, అన్నం తింటుంటాడు, నొప్పి ఉండదు. దాళ్వా కోతలయ్యాక చూద్దామనుకుంటారు, ఆ తర్వాత సార్వా నాట్లొస్తాయి. ఈ వాయిదా ప్రాణం మీదకు తెస్తుంది. అయితే అందరికీ ప్రమాదం ఒకే తీరుగా ఉండదన్నది కూడా నిజమే. జపాన్ వైద్యులు దీనికి మార్కులు కట్టారు. లింఫు నాళాల్లోకి దూరితే 3 మార్కులు. సైజు 3 సెంటీమీటర్లు దాటితే, లోతు అంచులో ఉంటే, రక్తనాళాల్లోకి దూరితే, రెండో పొరలో అర మిల్లీమీటరు దాటితే ఒక్కోదానికి ఒక్కో మార్కు. మొత్తం 0 లేదా 1 అయితే గ్రంథులకు పాకి ఉండే అవకాశం నూటికి రెండున్నర. 2 నుంచి 4 అయితే దాదాపు ఏడు. 5 గానీ ఆపైన గానీ అయితే నూటికి 23 దాకా. 82 ఏళ్ల పెద్దాయనకు గుండె బలహీనంగా ఉండి ఒక మార్కు వస్తే, ఆపరేషన్ వద్దనుకుని జాగ్రత్తగా గమనించుకోవడం న్యాయమే. 55 ఏళ్ల మనిషికి 5 మార్కులొస్తే కోతలు, పెళ్లిళ్లు అన్నీ పక్కన పెట్టి ఆపరేషన్‌కు వెళ్లాలి.

ముందు గొట్టంతో తీయించుకుని తర్వాత ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే మొదటిది దండగ అయినట్టు బాధపడొద్దు. ముందే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లతో పోలిస్తే వీళ్లకు నష్టం జరగడం లేదని అనుభవం చెబుతోంది.

ఆపరేషన్

మచ్చ జీర్ణాశయం కింది భాగంలో, మధ్యలో ఉంటే కింది మూడింట రెండు వంతులు తీసి, మిగిలినదాన్ని పేగుకు కలుపుతారు. పైభాగంలో ఉంటే చాలాసార్లు జీర్ణాశయం మొత్తం తీసి అన్నవాహికను నేరుగా చిన్నపేగుకు కలపాల్సి వస్తుంది. పైభాగం ఒక్కటే తీసే పద్ధతీ ఉంది, అది సర్జన్ చూసి చెప్పాలి. వారం పది రోజులు ఆసుపత్రిలో ఉండాలి. కుట్టిన చోట కారడం, చీము, న్యుమోనియా లాంటివి రావచ్చు. వయసు, షుగర్, చుట్ట అలవాటు ఉన్నవాళ్లలో ఎక్కువ.

పొట్ట పూర్తిగా కోయాలా, చిన్న రంధ్రాలతో లాపరోస్కోపీ చాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. తొలి దశకు లాపరోస్కోపీ చాలు. కొరియాలో 1,400 మందికి పైగా రోగులను రెండు పద్ధతులకూ పంచి చూస్తే అయిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు లాపరోస్కోపీలో 94.2 శాతం, పొట్ట కోసిన పద్ధతిలో 93.3 శాతం. గాయం ఇబ్బందులు లాపరోస్కోపీలో తక్కువ. చేసే సర్జన్‌కు అలవాటుంటేనే సుమా.

గ్రంథులకు పాకలేదని తేలితే తొలి దశలో ఆపరేషన్ తర్వాత కీమో అక్కర్లేదు. దీన్ని బంధువులకు కూడా చెప్పండి. "జుట్టు ఊడిపోతుందటగా" అంటూ పరామర్శకు వచ్చేవాళ్లు పేషెంటు గుండె సగం తీసేస్తారు.

అన్నం దగ్గర

ఆపరేషన్ గురించి డాక్టర్లు తక్కువ చెప్పేది, ఇంట్లోవాళ్లు ఎక్కువ అనుభవించేది ఇదే. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మన గోదావరి జిల్లాల్లో ప్రేమంతా వడ్డనలోనే ఉంటుంది. మా మేనమామకు జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేశాక, మొదటి సంక్రాంతికి వియ్యాలవారింటికి వెళ్లినప్పుడు "అదేంటండీ బావగారూ, అప్పుడే చెయ్యి కడిగేస్తారా, మొహమాటపడకండి" అని వాళ్లు ప్రేమగానే ఇంకో గరిటె వేశారు. ఆయన కాదనలేక తిన్నారు. అరగంటలో చెమటలు, గుండె దడ, కడుపులో తిప్పుడు, విరేచనం. దీన్ని డంపింగ్ అంటారు. మామూలుగా జీర్ణాశయం అన్నాన్ని పట్టి ఉంచి కొద్దికొద్దిగా పేగులోకి వదులుతుంది. అది లేనప్పుడు తిన్నదంతా ఒక్కసారిగా పేగులోకి దిగిపోతుంది. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో ఇలా ఉంటుంది. ఇంకో రకం తిన్న గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, నీరసం, కళ్లు తిరగడం. తీపి ఎంత ఎక్కువైతే ఇబ్బంది అంత ఎక్కువ. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు, పాయసం, కూల్‌డ్రింకులు చూసి ఆగాలి.

మా అత్తయ్య దీనికి దారి కనిపెట్టింది. పళ్లెం తీసేసి చిన్న గిన్నె పెట్టింది. రోజుకు మూడు పూటల అన్నాన్ని ఆరు పూటలకు పంచింది. పప్పు, గుడ్డు, చేప ముందు, అన్నం తర్వాత. భోజనం మధ్యలో నీళ్లు, మజ్జిగ లేవు, అరగంట ఆగాకే. పులస వచ్చిన రోజుల్లో కూడా ఆయనకు రెండు ముక్కలు, ముల్లు తీసి, మెత్తగా నమిలేలా. నమలడం ముఖ్యం. తేగలు, పీచు పనస తొనలు సరిగ్గా నమలకుండా మింగితే పీచంతా లోపల ఉండలా చుట్టుకుని అడ్డుపడుతుంది.

ఆపరేషన్ తర్వాత ఉన్న బరువులో పదో వంతు తగ్గడం మామూలే. మొత్తం తీసినవాళ్లు ఇంకా తగ్గుతారు. చూసినవాళ్లు "అయ్యో, ఎలా అయిపోయారు" అనకుండా ఉంటే చాలు. రక్తహీనత రావచ్చు. బీ12 విటమిన్ ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం తయారుచేసే ఒక పదార్థం కావాలి. జీర్ణాశయం మొత్తం తీస్తే అది ఉండదు. కాలేయంలో నిల్వ ఉన్న బీ12 కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి మొదట ఏమీ తెలియదు. ఆపరేషన్ సంగతే మర్చిపోయిన మూడో ఏడో నాలుగో ఏడో అరికాళ్లు తిమ్మిర్లెక్కడం, తడబాటు, మతిమరుపు మొదలవుతాయి. మొత్తం తీసినవాళ్లకు బీ12 ఇంజెక్షను జీవితాంతం ఉండాల్సిందే. సగం తీసినవాళ్లు ఏటా రక్తపరీక్షలో బీ12, ఇనుము చూపించుకోవాలి.

ఇవేవీ ఆపరేషన్ వద్దనడానికి చెప్పడం లేదు. ఇలా తింటూ మా మేనమామ ఇప్పటికీ చేపల చెరువు గట్టు మీద తిరుగుతున్నారు. కానీ అర్హత ఉండి కూడా "పూర్తిగా పోతుందిలే" అని జీర్ణాశయం తీయించుకునేవాళ్లు ఏం వదులుకుంటున్నారో తెలుసుకుని వదులుకోవాలి.

గొట్టం తర్వాత ఏటా గొట్టమే

జీర్ణాశయం మిగిలిందంటే, క్యాన్సర్ పుట్టిన నేల కూడా మిగిలినట్టే. ఈఎస్‌డీ చేయించుకున్నవాళ్లలో ఏటా నూటికి ఇద్దరు ముగ్గురికి జీర్ణాశయంలో ఇంకోచోట కొత్త మచ్చ వస్తుంది. ఏటా చూస్తే అది కూడా చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది, మళ్లీ గొట్టంతోనే తీసేయొచ్చు. చూడకపోతే ఆపరేషన్‌కు కూడా అందనంతగా ముదరొచ్చు. మొదటి ఏడాది ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏటా చూపించుకోవాలి.

దీనితో పాటు హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను చంపాలి. జీర్ణాశయం క్యాన్సర్‌కు పెద్ద కారణం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో పోతుంది. మధ్యలో నోరు చేదుగా ఉందని ఆపేస్తే మొండికేస్తుంది. 2018లో వెలువడిన కొరియా పరిశోధనలో, గొట్టంతో తీయించుకున్నవాళ్లలో ఈ మందు వాడినవాళ్లకు సుమారు ఆరేళ్లలో కొత్త క్యాన్సర్ వచ్చింది 7.2 శాతానికి, వాడనివాళ్లలో 13.4 శాతానికి. దాదాపు సగానికి సగం. కోర్సు అయ్యాక నాలుగు వారాలాగి, గ్యాస్ మాత్రలు రెండు వారాలు ఆపి, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించుకుని అది పోయిందని నిర్ధారించుకోవాలి. చుట్ట, సిగరెట్టు మానాలి. ఎండుచేప, ఉప్పుచేప, ఊరగాయ తగ్గించాలి. రోజూ ఆవకాయతోనే మొదటి ముద్ద కలిపే ఇళ్లలో ఇది కష్టమే, అయినా చేయాలి.

ఎవరికి ఏది?

రాజోలు వైపు 74 ఏళ్ల పెద్దమ్మ అనుకుందాం. స్టెంటు ఉంది, షుగర్ ఉంది. మచ్చ సెంటీమీటరున్నర, మొదటి పొరలో, మంచి రకం. గొట్టమే. ఇక్కడ ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిన పనే లేదు.

భీమవరంలో రొయ్యల చెరువులు చూసుకునే 46 ఏళ్ల మనిషి. మచ్చ 3 సెంటీమీటర్లు, సిగ్నెట్ రింగ్. ఆపరేషన్. ఈ మనిషిని గొట్టం వైపు ఒప్పించేవాళ్లు మేలు చేస్తున్నట్టు కాదు.

కష్టమైంది మధ్యలో ఉన్నవాళ్లది. మచ్చ జీర్ణాశయం పైభాగంలో ఉంది, మంచి రకం, లోతు మొదటి పొరా రెండో పొరా అన్నది పరీక్షల్లో తేలలేదు. ఆపరేషన్ అంటే మొత్తం తీయాలి. ఇలాంటప్పుడు ముందు ఈఎస్‌డీ చేయించి రిపోర్టు చూడటం సరైన దారి అంటాను నేను. రిపోర్టు బాగుంటే జీర్ణాశయం దక్కుతుంది, లేకపోతే ఆపరేషన్ ఎలాగూ ఉంది. అదే మచ్చ కింది భాగంలో ఉండి, మనిషి గట్టిగా ఉండి, ఏటా పరీక్షకు వచ్చే ఓపిక లేదని తనే ఒప్పుకుంటే ఆపరేషన్ వైపు మొగ్గడం తప్పు కాదు. మిగిలిన జీర్ణాశయానికి అప్పుడు కూడా ఎండోస్కోపీ అవసరమేనని గుర్తుంచుకోవాలి.

ఇంకో దారి ఉందనుకునేవాళ్లుంటారు, ఏమీ చేయించుకోకుండా ఆకు మందులతో చూద్దామని. ఒసాకాలో తొలి దశలో ఉండి వైద్యం చేయించుకోకుండా ఉన్నవాళ్లను గమనిస్తే, అయిదేళ్లలో సగానికి పైగా మందిలో అది ముదిరిపోయింది. రెండు మూడు వారాలు ఆలోచించి, ఇంకో డాక్టరుకు చూపించుకోవడానికి సమయం ఉంది. ఏడాది ఆగడానికి లేదు.

ఎక్కడికి వెళ్లాలి?

ఎండోస్కోపీ, బయాప్సీ, సీటీ మన పట్టణాల్లోనే జరుగుతాయి. ఆపరేషన్‌కు విశాఖలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఈఎస్‌డీ మాత్రం చేయి తిరిగినవాళ్లతోనే చేయించుకోవాలి. ఆ పని ఒంటబట్టడానికి కనీసం 30 కేసులైనా చేయాలని నిపుణుల మాట. అందుకే చాలామంది హైదరాబాద్ వెళ్తారు. కాకినాడ నుంచి గౌతమి, నర్సాపురం నుంచి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. డాక్టరు గారిని "జీర్ణాశయానికి ఈఎస్‌డీలు ఎన్ని చేశారండీ? ఒకే ముక్కగా ఎన్నిట్లో వచ్చింది? రక్తం కారితే రాత్రిపూట ఎవరు చూస్తారు?" అని అడగండి. మంచి డాక్టరు దీనికి నొచ్చుకోరు.

వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలొక్కటే చాలవు. బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి స్లైడ్లు, ముక్కను భద్రపరిచిన మైనం బ్లాకులు తీసుకెళ్లండి, అవి మీకు ఇవ్వాలి. ఎండోస్కోపీ ఫోటోలు, సీటీ సీడీ కూడా. పెద్ద సెంటర్లో ఆ స్లైడ్లు మళ్లీ చూస్తే కణాల రకం మారొచ్చు. దాంతో గొట్టమా ఆపరేషనా అన్నదే మారిపోవచ్చు.

డబ్బు దగ్గర, గొట్టం అంటే చవకే అని ముందే లెక్క వేసుకోవద్దు. ఈఎస్‌డీ కత్తులు, క్లిప్పులు ఖరీదైనవి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లు అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలో పథకం కౌంటర్ దగ్గరకు వెళ్లి, తమకు చెప్పిన వైద్యం ఏ పేరుతో ఏ ప్యాకేజీలో వస్తుందో రాయించుకోవాలి. సొంత బీమా ఉంటే ముందస్తు అనుమతిలో ఈఎస్‌డీ అన్న మాట స్పష్టంగా ఉండాలి. మామూలు ఎండోస్కోపీ అని రాస్తే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది.

ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వచ్చిందంటే తోడబుట్టినవాళ్లకు, పిల్లలకు ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువ. పైలోరీ బ్యాక్టీరియా చాలావరకు చిన్నప్పుడే, ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. పేషెంటును తీసుకెళ్లిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెద్ద పిల్లలు ఆ ఊళ్లో ఉండగానే శ్వాస పరీక్ష చేయించుకోండి. బ్యాక్టీరియా ఉందని వస్తే రెండు వారాల మందు పూర్తిగా వాడండి. నలభై దాటినవాళ్లు ఒకసారి గొట్టం కూడా వేయించుకోండి.